మీ అన్నయ్య పెళ్లికి మనవాళ్లు ఏమంటారని అడిగారు కదా

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మెల్‌బోర్న్‌లో ఉన్న మీ అన్నయ్య, నాలుగేళ్లుగా తనతో కలిసి ఉంటున్న అబ్బాయిని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాడు. మీకు చెప్పాడు, గుంటూరులో ఉన్న అమ్మానాన్నలకు ఇంకా చెప్పలేదు. 2017లో ఆస్ట్రేలియాలో స్వలింగ వివాహ చట్టం వచ్చినప్పుడు జనం ఏడుస్తూ, నవ్వుతూ ఒకరినొకరు కావలించుకోవడం మీరు టీవీలో చూశారు. "నిజంగా అందరూ అంత సంతోషించారా? అక్కడి తెలుగువాళ్లు ఏమన్నారు? అన్నయ్యను వెలేస్తారా?" అని అడిగారు.

టీవీలో మీరు చూసింది అబద్ధం కాదమ్మా. కానీ అది ఒక పార్కులో, ఒక పూట జరిగింది. దానికి ముందు మూడు నెలలు, ఆ తర్వాత చాలా ఏళ్లు ఇళ్లలో జరిగినవి ఏ కెమెరాకూ దొరకలేదు. అందులో నా కళ్లతో చూసింది, కాగితాల మీద చదివింది చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు నేనెవరో చెప్పాలి. మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. 20 ఏళ్లకు పైగా సిడ్నీ పడమటి వైపు వెంట్‌వర్త్‌విల్‌లో ఉంటున్నాం. 2011 నుంచి నేను మ్యారేజ్ సెలబ్రంట్‌ని, అంటే పెళ్లిళ్లను చట్టప్రకారం జరిపించడానికి ప్రభుత్వం దగ్గర నమోదైన మనిషిని. ఇక్కడ మన పెళ్లిళ్లలో జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు పంతులుగారు చూసుకుంటారు. ఆయనకు నమోదు లేకపోతే చట్టం కోసం నాలాంటివాళ్లు ఉండాలి. మంటపం పక్కన చిన్న బల్ల వేసుకుని కూర్చుంటాను. నేను చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. అవి చెప్పి, వధూవరుల చేత, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించి, కాగితాలు 14 రోజుల్లోపు రిజిస్ట్రీకి పంపాలి.

ఆ చెప్పాల్సిన మాటల దగ్గరే మొదలుపెడతాను. 1961 నాటి ఇక్కడి వివాహ చట్టం ప్రకారం సెలబ్రంట్ ప్రతి పెళ్లిలోనూ పెళ్లంటే ఏమిటో పైకి చదివి వినిపించాలి. "ఆస్ట్రేలియా చట్టం ప్రకారం వివాహమంటే ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఇతరులెవరికీ తావులేకుండా, ఇష్టపూర్వకంగా, జీవితాంతం ఉండేలా కలవడం" అని. 2004లో అప్పటి ప్రధాని జాన్ హోవార్డ్ ప్రభుత్వం ఇదే నిర్వచనాన్ని చట్టంలో ఇంకా గట్టిగా బిగించింది. వేరే దేశంలో ఇద్దరు మగవాళ్లో ఇద్దరు ఆడవాళ్లో పెళ్లి చేసుకుని వచ్చినా ఇక్కడ చెల్లదని కూడా రాసింది.

నేను ఆ మాటలు ఆరేళ్లు చదివాను. పెళ్లికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఆ మాట దగ్గర తల దించుకోవడం చాలాసార్లు చూశాను. ఒకసారి పెళ్లికూతురి తమ్ముడు. ఇంకోసారి ఫోటోలు తీసే అమ్మాయి, కెమెరా కిందికి దించేసింది. కలిసి బతికే స్వలింగ జంటలకు ఆస్తి, పెన్షన్ లాంటి విషయాల్లో చాలా హక్కులు 2008-09 సంస్కరణల్లోనే వచ్చాయి. "మరి పెళ్లి దేనికి?" అని అడిగేవాళ్లకు 2016 జనవరి నాటి సంగతి చెబుతాను. బ్రిటన్‌లో పెళ్లి చేసుకుని హనీమూన్‌కి ఇక్కడికి వచ్చిన జంటలో ఒకాయన అడిలైడ్‌లో ప్రమాదంలో చనిపోయాడు. మరణ ధ్రువీకరణ పత్రంలో "అవివాహితుడు" అని రాసే పరిస్థితి. భర్త పక్కనే నిలబడి ఉండగా! ఆ వార్త దేశాన్ని కదిలించింది. అక్కడి రాష్ట్ర ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రిలాంటివారు, స్వయంగా ఆ భర్తకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పారు.

ఇక 2017. పార్లమెంటు తేల్చుకోలేకపోతే, ప్రభుత్వం జనాన్నే అడగాలని నిర్ణయించింది. అదీ ఎన్నికలా కాదు. ఎన్నికల్లో ఓటు వేయడం ఇక్కడ తప్పనిసరి. ఇది మాత్రం ఇష్టమైతేనే, అదీ పోస్టులో. నడిపింది గణాంకాల శాఖ. ఫలితానికి పార్లమెంటు కట్టుబడాలన్న నియమమేమీ లేదు. దీనికి 12 కోట్ల 20 లక్షల డాలర్లు కేటాయించారు.

సెప్టెంబరు రెండో వారం నుంచి కవర్లు రావడం మొదలైంది. మా ఇంటికి మూడొచ్చాయి: నాకు, మా ఆయనకు, మామయ్యగారికి. లోపల ఒక ఉత్తరం, తిరుగు కవరు, ఒక ఫారం. ఫారం మీద ఒకే ప్రశ్న: స్వలింగ జంటలు పెళ్లి చేసుకోవడానికి వీలుగా చట్టాన్ని మార్చాలా? కింద రెండు గళ్లు, ఒక బార్‌కోడ్. అంతే.

మామయ్యగారు తెనాలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరై మా దగ్గరికి వచ్చారు, పౌరసత్వం కూడా తీసుకున్నారు. ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వాళ్ల పెళ్లికి నన్నెందుకమ్మాయ్ అడుగుతున్నారు? వాళ్ల అమ్మానాన్నల్ని అడగాలి గానీ" అన్నారు.

ఆ మూడు నెలల మీద ఎన్నో వ్యాసాలు చదివాను, ఎన్నో చర్చలు విన్నాను. ఆయన అన్న మాటకు మించి అసలు విషయాన్ని పట్టుకున్నది నాకు కనపడలేదు. ఎదురింటాయన, బస్సులో పక్క సీటావిడ, పిల్లాడి స్కూల్లో తోటి తల్లులు, ముక్కూ మొహం తెలియని కోటిమంది కలిసి, నీ పెళ్లి చెల్లుతుందో లేదో గడిలో గుర్తు పెట్టి పోస్టు చేస్తారు. పెళ్లి చేసుకోవాలనుకున్న ఆ పిల్లలు పొద్దున లేచి ఆఫీసుకెళ్తూ, రైల్లో ఎదురుగా కూర్చున్న మనిషి ఏ గడి నింపాడో అని చూసుకునే రోజులవి. మానసిక ఆరోగ్య సంస్థలు, సాయం కోరి ఫోన్ చేసేవాళ్లు పెరిగారని అప్పట్లోనే చెప్పాయి. సర్వే జరిగే కాలంలో బెదిరింపులకు, నీచమైన ప్రచారానికి అడ్డుకట్టగా పార్లమెంటు ఒక తాత్కాలిక చట్టం కూడా చేయాల్సి వచ్చింది. అంటే ఏం జరగబోతుందో వాళ్లకూ తెలుసు.

మామయ్యగారు ఆ సాయంత్రం వరండాలో చాలాసేపు కూర్చుని, ఫారం నింపి, కవరు తనే అతికించి, కర్ర పట్టుకుని వీధి చివర ఎర్ర పోస్టు డబ్బా దాకా నడిచి వెళ్లి వేసొచ్చారు. ఏం పెట్టారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. 2021లో పోయారు. ఒకే ఇంట్లో ఉన్న మనిషి మనసే నాకు తెలియలేదు. అందుకే "మనవాళ్లంతా వద్దన్నారు" అని ఖరాఖండిగా మాట్లాడేవాళ్లను నేను నమ్మను.

ఇక తెలుగువాళ్ల మాట. వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువగా తిరిగినవి రెండు. ఒకటి, చట్టం వస్తే స్కూళ్లలో మగపిల్లలను గౌన్లు వేసుకోమంటారని. ఇది వ్యతిరేక వర్గం టీవీ ప్రకటనలో ఒక తల్లి చేసిన ఆరోపణ. ఆ స్కూలు ప్రిన్సిపాల్ అలాంటిదేమీ జరగలేదని చెప్పారు. ఆ ఖండన మాత్రం గ్రూపుల్లో తిరగలేదు. రెండోది, ఇలాంటి పెళ్లి చేయనన్న పూజారులను, పాస్టర్లను జైల్లో పెడతారని. ఇది నా వృత్తికి సంబంధించింది కాబట్టి గట్టిగా చెబుతున్నా, శుద్ధ అబద్ధం. మతగురువులు తమ మతానికి సరిపడని పెళ్లి చేయనని చెప్పే హక్కు ముందూ ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది. నాలాంటి సెలబ్రంట్లలో కూడా మతవిశ్వాసం వల్ల చేయలేమనుకునే పాతవాళ్లు 2018 మార్చి 9 లోపు వేరే కోవలోకి తమ నమోదును మార్చుకోవచ్చని గడువిచ్చారు. నాకు తెలిసిన ఇద్దరు అలా మారారు కూడా. వాళ్లతో నాకు ఇప్పటికీ స్నేహమే.

ఈ రెండు ఫార్వర్డ్‌లనూ పంపినవాళ్లు చెడ్డవాళ్లని నేననను. చాలామందికి భయం. ఊరు కాని ఊర్లో పిల్లలను పెంచుతున్నాం, వాళ్లు మన చేతుల్లోంచి జారిపోతారేమో అన్న భయం వాళ్లకు ముందునుంచీ ఉంది. ఆ భయానికి ఈ సర్వే ఒక పేరు పెట్టింది.

కానీ ఆ మాటలు ఎవరి చెవిన పడుతున్నాయో ఎవరూ చూసుకోలేదు. ఆ అక్టోబరులో దీపావళికి ఒక సంఘం వాళ్లు భోజనాలు పెట్టారు. నేనూ వడ్డనలో ఉన్నాను. నా పక్కన సాంబారు పోస్తున్న అబ్బాయికి 19 ఏళ్లు, చిన్నప్పుడు మా ఇంట్లోనే తెలుగు అక్షరాలు దిద్దాడు. వరుసలో నిలబడ్డ ఒక పెద్దమనిషి వెనకాయనతో, "వీళ్లను బతకనివ్వడమే ఎక్కువ, పెళ్లి కూడానా!" అన్నారు. గట్టిగా కూడా కాదు, క్రికెట్ స్కోరు చెప్పినట్టు మామూలుగా అన్నారు. పిల్లాడి చేతిలో గరిటె ఆగింది. సాంబారు ఆయన ప్లేటులో సగమే పడింది. గరిటెను గిన్నె అంచుకు జాగ్రత్తగా ఆనించి, "ఆంటీ, ఇప్పుడే వస్తా" అని వెళ్లాడు. తిరిగి రాలేదు. ఆ రోజుకే కాదు, తర్వాత ఏ పండక్కీ రాలేదు.

ఆ పెద్దమనిషికి తను ఏం చేశాడో ఈనాటికీ తెలియదు. నేను అప్పుడు ఆయనకు ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది. అది నన్ను ఇప్పటికీ తొలుస్తూ ఉంటుంది.

నవంబరు 15న ఉదయం 10 గంటలకు గణాంకాల శాఖ అధిపతి డేవిడ్ కాలిష్ ఫలితం చదివారు. అవునన్నవాళ్లు 61.6 శాతం, కాదన్నవాళ్లు 38.4 శాతం. తప్పనిసరి కాకపోయినా ఫారాలు వచ్చినవాళ్లలో 79.5 శాతం మంది తిప్పి పంపారు. ముసలివాళ్లు పట్టించుకోరని అనుకున్నారు గానీ, అన్ని వయసుల్లోకీ ఎక్కువగా జవాబిచ్చింది 70 నుంచి 74 ఏళ్లవాళ్లు. తనూ లెస్బియన్ అయిన సెనేటర్ పెనీ వాంగ్ ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది అప్పుడే. మీరు టీవీలో చూసింది ఆ పూటే అయి ఉంటుంది.

ఇప్పుడు మా పేట సంగతి. దేశంలో 150 నియోజకవర్గాలుంటే 133 అవునన్నాయి, 17 కాదన్నాయి. ఆ 17లో 12 సిడ్నీ నగరంలోవే, అందులోనూ ఎక్కువ మా పడమటి వైపువే. బ్లాక్స్‌ల్యాండ్‌లో కాదన్నవాళ్లు దాదాపు 74 శాతం. మా వెంట్‌వర్త్‌విల్ ఉన్న పారమాటా నియోజకవర్గంలో అవునన్నవాళ్లు 38.4 శాతం, కాదన్నవాళ్లు 61.6 శాతం. దేశం అంకెలను అద్దంలో తిప్పి చూపించినట్టు! ఆ రోజు మధ్యాహ్నం ఆ పట్టిక కంప్యూటర్‌లో చూసి, పొరపాటున తారుమారు చేసి వేశారేమో అని మళ్లీ చూశాను.

మర్నాటి నుంచి పత్రికల్లో మొదలైంది: వలస వచ్చినవాళ్లే అడ్డుపడ్డారని. మా వైపు ఇండియన్లు, చైనీయులు, లెబనాన్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ కాబట్టి ఆ లెక్కను మా అందరి నెత్తిన రుద్దారు. ఇక్కడ మీరు నిదానంగా ఆలోచించాలి. సర్వే ఫారం పౌరులకే వచ్చింది, అదీ ఆగస్టు 24 నాటికి ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లకు. 2017లో హ్యారిస్ పార్క్, వెస్ట్‌మీడ్‌లలో అద్దెకుంటున్న తెలుగు కుటుంబాల్లో ఎంతోమంది వర్క్ వీసా మీదో, స్టూడెంట్ వీసా మీదో, పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీదో ఉన్నవాళ్లు. వాళ్లకు కవరే రాలేదు. పైగా ఫలితాలు నియోజకవర్గాల వారీగా ఇచ్చారు గానీ, ఎవరు ఏ దేశం నుంచి వచ్చారు, ఏ భాష మాట్లాడతారు అన్న లెక్క అందులో లేదు. "తెలుగువాళ్లలో ఇంత శాతం వద్దన్నారు" అని ఎవరైనా చెబితే అది ఊహే. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, వలసవాళ్లు పెద్దగా లేనిచోట కూడా మూడు నియోజకవర్గాలు కాదన్నాయి మరి. మతం పాత్ర ఉంది, వయసు పాత్ర ఉంది, ఇంట్లో ఏ భాష టీవీ ఆడుతుందన్నదీ ఉంది. ఇన్ని పోగులను ఒక్క దారంగా పేనడం కుదరదు.

ఇంకొకటి కూడా నన్ను వదలదు. పారమాటాలో 38.4 శాతమంటే ప్రతి ఐదుగురిలో దాదాపు ఇద్దరు. ఆ ఇద్దరూ ఎవరు? మా వీధిలో, మా గుడిలో, మా కూరగాయల కొట్టులో ఉన్నవాళ్లే. వాళ్లు నోరు విప్పలేదు. వద్దన్నవాళ్లు భోజనాల వరుసలో మాట్లాడారు, సరేనన్నవాళ్లు పోస్టు డబ్బాలో మాట్లాడారు. ఆ 19 ఏళ్ల పిల్లాడికి మొదటిది మాత్రమే వినిపించింది.

మిగతా కథ త్వరగానే నడిచింది. నవంబరు 29న సెనేట్‌లో డీన్ స్మిత్ అనే సెనేటర్ పెట్టిన బిల్లు 43-12 ఓట్లతో నెగ్గింది. డిసెంబరు 4న టిమ్ విల్సన్ అనే సభ్యుడు ప్రసంగం మధ్యలో, గ్యాలరీలో కూర్చున్న తన సహచరుణ్ణి పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. డిసెంబరు 7న ప్రతినిధుల సభలో వ్యతిరేకంగా నిలబడ్డవాళ్లు నలుగురే. మాజీ ప్రధాని టోనీ అబాట్ వద్దని ప్రచారం చేశారు, ఆయన సొంత చెల్లెలు లెస్బియన్, ఆయన నియోజకవర్గంలో 75 శాతం అవునన్నారు. ఓటు వేళకు ఆయన సభలో లేరు. ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్లు రెండు వైపులా నిలబడి ప్రచారం చేయడం దేశమంతా చూసింది. ఇది మన ఇళ్లకే ప్రత్యేకమైన గొడవ అని మీ అమ్మానాన్నలు అనుకుంటే, ఈ సంగతి చెప్పండి.

డిసెంబరు 9న చట్టం అమల్లోకి వచ్చింది. నేను చదివే వాక్యంలో "ఒక పురుషుడు, ఒక స్త్రీ" పోయి "2 వ్యక్తులు" వచ్చింది. చట్టంలో అంకెగానే ఉంది, 2 అని. నోటీసు ఫారంలో వధువు, వరుడు అన్న గళ్ల పక్కన జీవిత భాగస్వామి అన్న గడి చేరింది. 2018లో దేశంలో 6,538 స్వలింగ వివాహాలు నమోదయ్యాయి, వాటిలో ఆడపిల్లల జంటలే ఎక్కువ.

ఇలాంటి పెళ్లిళ్లలో నేను చేసిన మొదటి తెలుగు పెళ్లి గురించి చెబుతాను. 2019 చివర్లో ఒకావిడ ఫోన్ చేశారు. నెల్లూరు యాస. "మీరు మనవాళ్లేనంట కదా. మా అమ్మాయి పెళ్లి. ఆ చట్టం మాటలు నాకర్థమయ్యేలా తెలుగులో కూడా చెప్తారా?" అన్నారు. చెప్తానన్నాను. అబ్బాయిది ఏ ఊరని అలవాటుగా అడగబోయి ఆగాను. ఆవిడే, "ఆ అమ్మాయి వాళ్లది గ్రీకు కుటుంబం" అన్నారు, ఒక్క క్షణం ఆగి.

పార్కులో ముప్పై మంది ఉంటారు. ఆవిడ చేతిసంచిలో కుంకుమ భరిణె, ఒక స్టీలు టిఫిన్ డబ్బా. డబ్బాలో పసుపు కలిపిన అక్షింతలు. నా దగ్గరికి వచ్చి చిన్నగా, "ఇవి వెయ్యొచ్చాండీ? చట్టానికి ఏమన్నా అడ్డమా?" అని అడిగారు. అడ్డం లేదన్నాను. ఇద్దరిలో కుంకుమ ఎవరికి ముందు పెట్టాలో తెలియక కాసేపు తటపటాయించి, ముందు ఆ గ్రీకు అమ్మాయికి పెట్టారు. ఆ అమ్మాయి తల వంచి కళ్లు మూసుకుంది. "ఆస్ట్రేలియా చట్టం ప్రకారం వివాహమంటే ఇద్దరు వ్యక్తులు..." అని నేను ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చెప్పాను. ఆరేళ్లు ఆ వాక్యం చదివేటప్పుడు నా గొంతులో ఏదో అడ్డుపడేది. ఆ రోజు వేరే కారణానికి అడ్డుపడింది.

సంతకాలకు 18 ఏళ్లు దాటిన ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు ఆ గ్రీకు అమ్మాయి అన్నయ్య. రెండో సాక్షిగా తల్లినే పెట్టమంది కూతురు. ఆవిడ పెన్ను పట్టుకుని, "తెలుగులో పెడితే చెల్లుతుందా?" అన్నారు. చెల్లుతుంది. మూడు కాగితాల మీదా ఇంటిపేరుతో సహా గుండ్రటి తెలుగు అక్షరాల్లో సంతకం పెట్టారు.

ఆ అమ్మాయి నాన్నగారు రాలేదనుకున్నాను. వచ్చారు. భార్యను దించి, పార్కింగులో కారులోనే కూర్చున్నారు, మొత్తం గంటన్నర. అంతా అయ్యాక ఆవిడ ఒక కాగితపు ప్లేటులో లడ్డూలు, చక్కిలాలు పెట్టుకుని కారు దగ్గరికి నడిచారు. అద్దం సగం దిగింది. ప్లేటు లోపలికి వెళ్లింది. నేను చూసింది అంతవరకే. ఆయన సర్వేలో ఏ గడి నింపి ఉంటారో నేను చెప్పగలను. కానీ ఆయన ఆ కారును ఇంటి దగ్గర ఆపేసి ఉండొచ్చు. పార్కు దాకా తెచ్చారు.

మీరు అడిగినదానికి నా దగ్గరున్న జవాబు ఇదేనమ్మా. "ఇలాంటి పెళ్లిళ్లు ఉండాలా?" అని అడిగితే జనం చెప్పేది ఒకటి. తమ కూతురో, మేనల్లుడో, పక్కింటి పిల్లాడో ఎదురుగా నిలబడితే చేసేది ఇంకొకటి. రెండోది ఎప్పుడూ మంచిగానే ఉంటుందని నేననను. ఆ సాంబారు గరిటె దించిన అబ్బాయి తండ్రి తనతో ఏడాదిన్నర మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నారు, ఉద్యోగం గురించి, కారు గురించి, వాతావరణం గురించి. ఆ ఒక్క విషయం మాత్రం ఎత్తరు. నాకు తెలిసిన ఏడెనిమిది తెలుగు కుటుంబాల్లో పూర్తిగా తెగతెంపులు చేసుకున్నది ఒకటే. మిగతావి సగం దిగిన కారు అద్దాలు.

వేరే దేశాల్లో కూడా దారులు వంకరగానే ఉన్నాయి. ఐర్లాండ్ 2015 మేలో రెఫరెండం పెట్టి 62 శాతంతో ఒప్పుకుంది. ఒక్క నియోజకవర్గం తప్ప దేశమంతా అవునంది. విదేశాల్లో ఉన్న పిల్లలు ఆ ఒక్క ఓటు కోసం విమానాలెక్కి వచ్చారు. ముంబై నుంచి వెళ్లిన డాక్టరుగారి కొడుకు లియో వరద్కర్, మంత్రిగా ఉంటూ, ఆ ఏడాది జనవరిలోనే తను గే అని రేడియోలో చెప్పాడు. రెండేళ్లకు ప్రధాని అయ్యాడు. తైవాన్‌లో ఇందుకు తలకిందులు: 2017లో రాజ్యాంగ న్యాయస్థానం అనుకూలంగా తీర్పిచ్చింది, 2018 రెఫరెండంలో జనం పెద్ద మెజారిటీతో వద్దన్నారు, అయినా 2019 మేలో చట్టం వచ్చింది. వచ్చాక కొంపలేమీ మునగలేదని చూసిన జనంలో మద్దతు ఏటికేడు పెరుగుతూ వచ్చింది. చట్టానికి ముందు జనం చెప్పేది, పెళ్లిళ్లు చూశాక చెప్పేది వేరు వేరని తైవాన్ నుంచి నేను నేర్చుకున్నాను.

ఇండియా మాట మీకు నాకంటే బాగా తెలుసు. స్వలింగ సంబంధం నేరం కాదన్న సెక్షన్ 377 తీర్పు 2018 సెప్టెంబరు 6న వచ్చింది. పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసుకు పేరిచ్చిన సుప్రియో, ఆయన సహచరుడు హైదరాబాద్ వాళ్లే. 2023 అక్టోబరు 17న కోర్టు అది పార్లమెంటు తేల్చాల్సిన విషయమని చెప్పింది. కాబట్టి మీ అన్నయ్య మెల్‌బోర్న్‌లో భర్త, శంషాబాద్‌లో విమానం దిగితే చట్టం కళ్లకు బ్రహ్మచారి. ఇది మీ అమ్మానాన్నలకు కొంత ఊరటగానో, ఇంకొంత దిగులుగానో అనిపించవచ్చు. కానీ మీ అన్నయ్యకు ఇది గాయమని మీరు మాత్రం మర్చిపోకండి. బ్యాంకులో ఉమ్మడి ఖాతా, నామినీ విషయంలో అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్రం స్పష్టం చేసింది. అంతవరకు పనికొస్తుంది.

వెలేస్తారా అని అడిగారు. మెల్‌బోర్న్‌లో అన్నయ్యను ఎవరూ వెలేయలేరు. దేశంలోనే అత్యధికంగా అవునన్న రెండు నియోజకవర్గాల్లో మెల్‌బోర్న్ ఒకటి, దాదాపు 84 శాతం. అక్కడి తెలుగువాళ్లలో కొందరు పిలవడం మానేస్తారు, కొందరు పెళ్లి ఊసెత్తకుండా ఒక్కణ్ణే పిలుస్తారు, ఇద్దరినీ పిలిచేవాళ్లూ ఉంటారు. మొదటి ఏడాది ఈ మూడో రకం తక్కువ. వాళ్లను వెతికి పట్టుకోమనండి.

గుంటూరు సంగతికి వస్తే, అమ్మానాన్నలకు ఫోన్‌లో చెప్పవద్దనండి. ఇక్కడి వార్తలు, శాతాలు, చట్టాలు ముందు పెట్టవద్దనండి. 2017లో మమ్మల్ని కుదిపింది అదే: మనిషి కనపడకముందే ప్రశ్న వచ్చింది. అమ్మానాన్నలకు ముందు మనిషి కనపడాలి. ఆ అబ్బాయి ఎవరు, ఏం తింటాడు, మీ అన్నయ్యకు జ్వరమొస్తే ఎవరు చూసుకున్నారు, అవి తెలియాలి. మీకు చెప్పాడంటే మీరు ఉండగా చెప్పాలనే అతని కోరిక అయి ఉంటుంది. వీలైతే ఆ రోజు మీరు ఇంట్లో ఉండండి.

ఇక నా పని భాష. ఇక్కడ పెళ్లి చేసుకోవడానికి పౌరసత్వం అక్కర్లేదు, పీఆర్ కూడా అక్కర్లేదు. పెళ్లికి కనీసం ఒక నెల ముందు సెలబ్రంట్‌కి నోటీసు ఇవ్వాలి. పాస్‌పోర్టులు సరిపోతాయి. ఇంతకుముందు పెళ్లి జరిగి ఉంటే విడాకుల కాగితం కావాలి. మెల్‌బోర్న్‌లో తెలుగు మాట్లాడే సెలబ్రంట్ దొరకకపోతే నాకు రాయండి, నేను వస్తాను. అన్నయ్యను ఇప్పుడే నోటీసు నింపేయమనండి. ఒకసారి ఇస్తే అది 18 నెలలు చెల్లుతుంది. తేదీ తర్వాత వేసుకోవచ్చు. ఈలోపు ఒక సంక్రాంతి వస్తుంది.